బెంగళూరు ఎఫ్ఎంలో తెలుగు పాటకు చోటేదీ?

కన్నడం తెలిసిన పాపానికి వ్యాపార రేడియో లెక్కలోంచి జారిపోయిన తెలుగు శ్రోత
బళ్ళారి, రాయచూరు, కోలార్‌లకు స్టేషన్లు వచ్చే వేళ ఇప్పుడే అడగాలి

2001 జులై 3న దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ బెంగళూరులో మొదలైంది. పేరు రేడియో సిటీ. అప్పటిదాకా రేడియో అంటే ఆకాశవాణే. ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు మాట్లాడే ఆర్జేలు, మధ్యలో ట్రాఫిక్ సంగతులు, ఫోన్లో శ్రోతల గొంతులు... ఊరంతటికీ కొత్తగా తోచింది. పాటల్లో హిందీ, ఇంగ్లిషు, కన్నడం కలగలిసి ఉండేవి. తెలుగు సినిమాలు వారం వారం విడుదలయ్యే ఊరే అయినా, తెలుగు పాట మాత్రం ఆ వరుసలో చేరలేదు. ఇరవై ఏళ్లు దాటినా పరిస్థితి పెద్దగా మారలేదు.

ఫీజుల భారం

ఆరంభంలో ప్రైవేటు రేడియోకు అసలు కష్టం లైసెన్సు ఫీజుతోనే వచ్చింది. తొలి విడతలో కేంద్రం 40 నగరాలకు 108 ఫ్రీక్వెన్సీలను వేలానికి పెట్టింది. ఆదాయంతో పని లేకుండా ఫీజు ఏటా 15 శాతం పెరిగిపోయే పద్ధతి అది. చాలామంది చేతులెత్తేశారు. అన్నీ కలిపి ఇరవై పైచిలుకు స్టేషన్లే నిలిచాయి. 2005లో రెండో విడత విధానం వచ్చి, ఫీజును ఆదాయంలో 4 శాతానికి ముడిపెట్టాక కథ మారింది. 2006లో బెంగళూరులో రేడియో మిర్చి, బిగ్ ఎఫ్ఎం వంటివి వరుసగా దిగాయి. హైదరాబాదుకూ ప్రైవేటు ఎఫ్ఎం ఆ ఏడాదే వచ్చింది.

పోటీ పెరిగేసరికి ఎవరి శ్రోతలను వాళ్లు వెతుక్కున్నారు. బెంగళూరు స్టేషన్లలో ఎక్కువ భాగం కన్నడం వైపు మళ్లాయి. హైదరాబాదులో 'ఇది చాలా హాట్ గురూ' అన్న మిర్చియే బెంగళూరులో 'సక్కత్ హాట్ మగా', చెన్నైలో 'సెమ హాటు మచ్చి' అంది. కంపెనీ ఒకటే, భాష మాత్రం ఊరిని బట్టి. కన్నడ రాజధానిలో కన్నడ రేడియో ఉండటం న్యాయమే. తెలుగువారు దానికి అసూయ పడాల్సిన పనే లేదు. ప్రశ్న వేరే ఉంది.

లెక్క ఎక్కడ తప్పింది?

2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 35 లక్షలు. అంటే 5.8 శాతం. హిందీ వారు 3.3 శాతమే. అయినా బెంగళూరులో హిందీ పాటలకంటూ స్టేషన్ ఉంది. ఇంగ్లిషు పాటల కోసం 2006లోనే రేడియో ఇండిగో వచ్చింది. పూర్తిస్థాయి తెలుగు ప్రైవేటు స్టేషన్ మాత్రం ఒక్కటీ లేదు.

ఎందుకిలా? ప్రైవేటు రేడియో బతికేది ప్రకటనల మీద. ఉద్యోగానికి కొత్తగా దిగిన ఉత్తరాది కుర్రాడికి కన్నడం రాదు. అతణ్ని చేరాలంటే హిందీ స్టేషన్ కావాలి. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగాయన ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడతాడు. కన్నడ స్టేషన్లో వేసిన ప్రకటన ఆయన చెవినా పడుతుంది. మళ్లీ ప్రత్యేకంగా తెలుగులో ఖర్చెందుకన్నది వ్యాపారి లెక్క. స్థానిక భాష నేర్చుకుని కలిసిపోయినందుకు దక్కిన ఫలితం ఇదీ!

గీత గీసిన తరంగం

దీనికి సాంకేతిక కారణం కూడా తోడైంది. పాత మీడియం వేవ్ తరంగాలు వందల కిలోమీటర్లు పోతాయి. కడప, విజయవాడ, విశాఖ కేంద్రాల తెలుగు రాష్ట్రం గీత దాటి పక్క ఊళ్లలోనూ వినబడేది. వాటికి సరిహద్దు చెక్‌పోస్టులు లేవు. ఎఫ్ఎం అలా కాదు. టవరు చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే గరగర మొదలవుతుంది. పాట స్పష్టంగా వినిపిస్తుంది కానీ ఊరు దాటదు. పైగా లైసెన్సు కూడా నగరం పేరు మీదే ఇస్తారు. శ్రోతలు ఎఫ్ఎంకు మారేకొద్దీ, సరిహద్దుకు అవతల ఉన్న తెలుగిళ్లకు తెలుగు రేడియో దూరమవుతూ వచ్చింది.

సెల్‌ఫోన్లో కోరిన పాట దొరుకుతుంది కదా అనొచ్చు. పాట దొరుకుతుంది, నిజమే. పక్క వీధిలో కరెంటు ఎప్పుడొస్తుందో, ఊళ్లో జాతర ఏ రోజో, పిల్లల అడ్మిషన్లకు గడువెప్పుడో ఆ పాట చెప్పదు. ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా ప్రసారం చేసుకోవచ్చు, అంతే. అయితే మూడో విడత నిబంధనల ప్రకారం ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఉద్యోగావకాశాలు, నీళ్లు, కరెంటు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావు. ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. రోజువారీ బతుకుకు కావలసినవి ఇవే.

ముందున్న అవకాశం

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరగడం దీని ఉద్దేశాల్లో ఒకటని ప్రకటించింది. కర్ణాటక జాబితాలో బళ్ళారి, రాయచూరు, కోలార్, బీదర్ ఉన్నాయి. ఇవి బెంగళూరు లాంటివి కావు. బళ్ళారి 1953 అక్టోబరు 1 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోది. రాయచూరు, బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోవి. కోలార్ పల్లెల్లో తెలుగు ఇంటిభాష. ఇలాంటి చోట స్టేషన్ పెట్టేవాడు తెలుగును పక్కనపెడితే, సగం సంతను వదిలేసి దుకాణం తెరిచినట్టే.

పూర్తి తెలుగు స్టేషన్ కావాలని పట్టుబట్టడం కంటే, కన్నడ స్టేషన్లోనే పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట తెలుగుకు అడగడం ఆచరణలో సాధ్యం. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే ఆర్జేలు ఈ ఊళ్లలో ఎంతమందైనా దొరుకుతారు. అయితే అడిగితే సరిపోదు. బట్టల కొట్లు, విత్తనాల దుకాణాలు, హోటళ్లు నడిపే తెలుగు వ్యాపారులు 'మా ప్రకటన తెలుగు గంటలో రావాలి' అనగలగాలి. వ్యాపార రేడియోకు వినతిపత్రాల కంటే ఆ మాట త్వరగా అర్థమవుతుంది. అదీ కుదరకపోతే కమ్యూనిటీ రేడియో దారి ఎలాగూ ఉంది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకూ ఆ అనుమతి ఇస్తున్నారు.

వేలం ముగిసి, కార్యక్రమాల పట్టిక ఖరారయ్యాక మొరపెట్టుకుంటే లాభం ఉండదు. బెంగళూరు నేర్పిన పాఠం అదే. శ్రోత ఉన్నాడని రేడియోకు తెలియాలంటే, ముందు శ్రోతే నోరు తెరవాలి.