సలేశ్వరం బాట తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలె?

చైత్ర పున్నమి దగ్గరపడితే పాలమూరు పల్లెల్లో చేతికర్రలు బయటికొస్తయి. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద ఫర్హాబాద్ గేటు కాడ అడవిలోకి మళ్లి, రాంపూర్ పెంట దాటి బండ్లు పోయినంత దూరం పోయి, అక్కడి నుంచి సుమారు ఐదు కిలోమీటర్లు కాలినడకన రాళ్లు దిగి, లోయ అంచు పట్టుకొని పోతే సలేశ్వరం. కొండ పైనుంచి దుంకే నీళ్లు, గుహలో లింగమయ్య, పూజారులుగా చెంచులు. లింగాల వైపు నుంచి అప్పాయిపల్లి మీదుగా వచ్చే బాట ఇంకొకటి. పోయేటప్పుడు వస్తున్నామని, మళ్లేటప్పుడు పోయొస్తామని లింగమయ్యకు చెప్పుకుంటూ జనం నడుస్తరు. నల్లగొండ, రంగారెడ్డి నుంచే కాదు, కృష్ణ అవతలి నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తరు.

ఈ బాట ఏడాదికి మూడు రోజులే తెరిచి ఉంటున్నది. 2023లో ఏప్రిల్ 5 నుంచి 7 దాకా, 2025లో ఏప్రిల్ 11 నుంచి 13 దాకా. అది కూడా పగటి పూటే. మిగిలిన 362 రోజులు బందు. అంతకుముందు ఇంతకన్నా ఎక్కువ రోజులు జాతర నడిచేది. పులుల అభయారణ్యం పేరు మీద రోజులు కుదించిండ్రు.

రోజులు కుదిస్తే జనం తగ్గుతరా? మొక్కు ఉన్నోడు ఆగుతడా? వారమంతా విడిపోయి వచ్చేవాళ్లు మూడు దినాల్లో ఒక్కసారి మీద పడుతున్నరు. దిగే బాట, ఎక్కే బాట ఒక్కటే. కొన్నిచోట్ల ఇద్దరు ఎదురుపడితే ఒకరు బండకు ఆనుకొని నిలబడాలె. 2023లో ఆ ఇరుకులోనే భక్తుల ప్రాణాలు పోయినయి. ఎండ, గుండె, ఊపిరాడకపోవడం అని తలా ఒక కారణం చెప్పవచ్చు. కానీ లోయలోకి పోయే ఒక్క సన్నటి బాటకు మూడు రోజుల లెక్క కట్టినోళ్లకు ఇది ముందే తెలియాలె. అడవికి కూడా దీనివల్ల ఒరిగింది లేదు. పది రోజుల చెత్త మూడు రోజుల్లో పడుతున్నది, అంతే.

అటవీ శాఖ చెప్పేదాంట్లో నిజం లేదని నేను అనను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, దేశంలో పెద్దవాటిలో ఒకటి. ఏప్రిల్ అంటే ఆకు రాలి అడవి ఎండుగడ్డి వామైతది. ఒక్క బీడీ ముక్క చాలు. ఆ ఎండల్లో నీటి బుగ్గలు జంతువులకు కూడా దిక్కు. మనోళ్లు ప్లాస్టిక్ సీసాలు, గుట్కా పొట్లాలు, కొబ్బరి చిప్పలు పారేసి వస్తున్న మాట వాస్తవం. భక్తి పేరు మీద దాన్ని కప్పిపెట్టొద్దు. డీజే పెట్టెలు కట్టుకొని అడవిలోకి పోయే పడుచు పిల్లలకు ఈ పత్రిక చదివే విద్యార్థి మిత్రులే గట్టిగా చెప్పాలె.

అయితే అడవి నిశ్శబ్దం మీద ఇంత పట్టింపు ఉన్న సర్కారు అందరితో ఒక్క తీరుగా ఉంటే మాట్లాడే పని లేకుండె. 2019 మే నెలలో ఇదే అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం సర్వేకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. బోర్లు వేసే యంత్రాలకు పులులు అడ్డం రాలేదు. చెంచులు, విద్యార్థులు, రచయితలు, ఊరూరి జనం లేచి నిలబడితే అదే ఏడాది సెప్టెంబర్‌లో అసెంబ్లీ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం పోయేది కూడా ఈ పులుల అడవి కిందినుంచే. ఆ నీళ్లు మనకు కావాలె, నల్లగొండ ఫ్లోరైడ్ బాధ తెలిసినోళ్లు ఎవరూ కాదనరు. కానీ 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ ఆ సొరంగం కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకున్నరు. ఈ కొండల్లో దేనికి ఎంత ప్రమాదం ఉన్నదో లెక్క కట్టే పద్ధతి మీద అనుమానం రాకుండా ఎట్లుంటది?

అసలు ఈ బాట ఎవరిది? అప్పాపూర్, భౌరాపూర్, రాంపూర్, మల్లాపూర్, మేడిమల్కల, సంగిడిగుండాల. ఈ పెంటల పేర్లు నక్ష మీద చూపించమంటే మనలో ఎంతమంది చూపిస్తరు? నిజాం కాలంలోనే హైమెండార్ఫ్ ఈ అప్పర్ పీఠభూమి చెంచుల నడుమ ఉండి 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చేసిండు. చెంచులకు ప్రత్యేక రిజర్వు ఉండాలని సర్కారుకు చెప్పిందీ ఆయనే. అప్పుడు చెంచుల కోసం అడవిని రిజర్వు చేయమన్నరు. ఇప్పుడు అడవి కోసం చెంచులను లేవమంటున్నరు. కుటుంబానికి పది లక్షలున్న పునరావాస ప్యాకేజీని 2021లో పదిహేను లక్షలు చేసిండ్రు. తేనె తీసే చెయ్యికి, గడ్డ తవ్వే చెయ్యికి బయటి ఊర్లో ఏం పని దొరుకుతదో ఆ ప్యాకేజీలో రాసి లేదు.

2006 అటవీ హక్కుల చట్టం స్పష్టంగానే ఉన్నది. చెంచుల వంటి ఆదిమ సమూహాలకు తమ ఆవాస ప్రాంతం మీద సామూహిక హక్కు, అడవిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు కట్టబెట్టింది. గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకోకుండా లేపడానికి వీల్లేదన్నది. 1985లో వచ్చిన 610 జీవో ఎన్నేండ్లు కాగితం మీదనే పడి ఉన్నదో ఉద్యోగ మిత్రులకు నేను చెప్పే పని లేదు. చెంచుకు ఈ చట్టం కూడా గట్లనే ఉన్నది. 610 అమలు కాలేదని మనం వలస పాలకులను నిలదీసినం. 2014 నుంచి సచివాలయంలో కూర్చున్నది మనోళ్లే కదా, ఇప్పుడు ఎవరిని నిలదీయాలె?

కృష్ణ అవతలి ఒడ్డున వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి పోయే పాత కాలిబాట ఉన్నది. అది కూడా పులుల అడవే. శివరాత్రికి, ఉగాదికి కన్నడ భక్తులు వేలకు వేలు దాంట్ల నడుస్తరు. కేరళలో అగస్త్యకూడం కొండకు రోజుకు వంద మందినే పంపుతరు, అక్కడి కాణి ఆదివాసులు దారి చూపుతరు. లింగమయ్య జాతరకు వంద మంది లెక్క కుదరదు, అది వేరే సంగతి. కానీ రోజులు పెంచి, రోజుకింత మంది అని కట్టడి పెట్టే తెలివి ఎక్కడినుంచో అరువు తెచ్చుకునేది కాదు. పొద్దున దిగేవాళ్లు, పగటేల ఎక్కేవాళ్లు అని వేళలు విడగొట్టవచ్చు. ఇరుకు బండల కాడ తాళ్లు, నడుమ నడుమ నీళ్లు, ఒక డాక్టరు. ప్లాస్టిక్ గేటు కాడనే ఆపాలె. గేటు పైకంలో ఎంత పెంటలకు పోతున్నదో బోర్డు మీద రాయాలె.

ఇవన్నీ ఎవరు తేల్చాలె అంటే ఆ అడవిలో పుట్టినోళ్లే. పులి అడుగుజాడ తీసే ట్రాకర్లలో, బేస్‌క్యాంపు వాచర్లలో చాలామంది చెంచులే. పులిని కాపాడటానికి పనికొచ్చిన మనిషి, బాట ఎప్పుడు తెరవాలో చెప్పడానికి పనికిరాడా? ఏ ఏడు ఎండ ముదిరింది, ఏ బుగ్గ ఎండింది, ఏ పక్క పులి పిల్లలు పెట్టింది అన్నది హైదరాబాద్ ఆఫీసు కంటే వాళ్లకే ముందు తెలుస్తది. ఈసారి జాతర వద్దని వాళ్లే అంటే, మనం మొక్కు మరుసటేడుకు పెట్టుకొని ఆగాలె. అది వాళ్ల మాట అయి ఉండాలె, అంతే.

వచ్చే చైత్ర పున్నమికి నెల ముందే అప్పాపూర్‌లో గ్రామసభ పెట్టాలె. అటవీ అధికారులు, రెవెన్యూ వాళ్లు, జాతర కమిటీ అందరూ అక్కడికే పోయి కింద కూర్చొని మాట్లాడాలె. ఎన్ని రోజులు, ఎంతమంది, ఏ వేళ అన్నది తెలుగులో రాసి, చెంచుల వేలిముద్రలు, సంతకాలతో ఫర్హాబాద్ గేటుకు అంటించాలె.