పేరు మనది – బేర మెవరిది?

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున గుంటూరు మిరపయార్డులో ధరలు పడిపోయి రైతులు గగ్గోలు పెట్టిన సంగతి పాఠకులు మఱచియుండరు. కేంద్రప్రభుత్వమువారు మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు ధర నిర్ణయించి, 2 లక్షల 58 వేల టన్నుల వరకు దానిని వర్తింపజేసిరి. ఆ సహాయ మెందఱికి, ఎంతవఱకు చేరినదను విచారణ వేరు. మే మిపుడు ప్రస్తావింపదలచినది మఱియొకటి. గుంటూరు మిరపకాయ పేరు వినని వంటయిల్లు దేశమున నరుదు. గుంటూరు సన్నమునకు చట్టప్రకారము భౌగోళిక గుర్తింపు కూడ లభించి పదేండ్లు దాటినది. ఇంత పేరుగల సరకును పండించినవాడు యార్డులో టిక్కీలు దించి బేరగాని నోటివంక చూచుచు నిలువవలసివచ్చుటకు కారణమేమి?

పంట యెక్కువై, శీతల గిడ్డంగులలో వెనుకటి నిల్వలు మిగిలి, ఎగుమతులు మందగించినపుడు ధర తగ్గుట సహజమే. ఏ పేరును ఈ సూత్రమును రద్దుచేయజాలదు. కాని ధర తగ్గినపుడు ఆ దెబ్బ యెవనిపై పడునన్నది పేరునుబట్టియే యుండును. పట్టణమున పొట్లము కట్టి అమ్మువాడు తన పొడి ధరను రైతు ధరతోపాటు సగమునకు దింపుట మేము చూడలేదు. కొనువారు అతని గుర్తు నెఱుగుదురు; ఆ గుర్తు నడిగి కొందురు. రైతు నెవ్వరు నెఱుగరు. అతని సరకు యార్డులో మఱియొకని సరకుతో కలియగానే అతని శ్రద్ధయు, ప్రక్కవాని యశ్రద్ధయు ఒక్కటే యగుచున్నవి. పేరు సరకున కున్నది గాని, సరకు పండించువానికి లేదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

వ్యాపారము ఆంధ్రుల రక్తమున లేదని కొందఱు తేలికగా చెప్పివేయుదురు. ఇది మే మంగీకరింపము. కృష్ణాజిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును స్థాపించిరి. తలనొప్పి మందు లంతకుముందు లేకపోలేదు. ఆయన చేసిన పని, ఒకే మందును, ఒకే గుణముతో, ఒకే పేరుతో, చూడగానే గుర్తుపట్టదగిన రూపమున దేశమంతట లభించునట్లు చేయుట. సంగీత సభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి జనులకు పరిచయము చేసిరని చెప్పుదురు. మొదట ఇచ్చినది ఉచితమే గాని, రెండవ సీసాను జనులు తమంతట తాము కొనిరి. ఆ రెండవ సీసాయే వ్యాపారము. అట్లు వచ్చిన ధనముతో ఆయన 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా నడపిరి. ఒక చిన్న సీసా జాతిసేవ కెంత మూలధనము సమకూర్చగలదో యిందువలన తెలియగలదు.

అయిన పేరనగానేమి? అది యలంకారము గాదు, వాగ్దానము. ఈ పొట్లము నిన్న కొన్నట్లే నేడును, ఈ యూర కొన్నట్లే ఆ యూరను ఉండునని అమ్మువాడు కొనువాని కిచ్చు మాట. 1999 నాటి వాణిజ్య చిహ్నముల చట్టము ఆ మాటకు కంచె కట్టుచున్నది; నమోదైన గుర్తునకు పదేండ్ల రక్షణ యుండి, మరల మరల పొడిగించుకొనవచ్చును. అదే సంవత్సరమున చేయబడి 2003లో అమలునకు వచ్చిన భౌగోళిక గుర్తింపుల చట్టము దీనికంటె భిన్నమైనది. ఈ గుర్తింపు ఒక్కని సొత్తు గాదు. ఆ ప్రాంతపు ఉత్పత్తిదారు లందఱిది. దానిని అమ్ముటకుగాని, తాకట్టు పెట్టుటకుగాని, పరులకు బదలాయించుటకుగాని వీలులేదు. కాని ప్రతి రైతును అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకొన్నపుడే ఆ హక్కును తాను వినియోగింపగలడు. అంతేకాదు, యార్డునకు వచ్చు సరకులో తేజ మొదలగు ఇతర రకములును విస్తారముగ నున్నవి, సన్నపు గుర్తింపు వానికి వర్తింపదు. కాబట్టి గుర్తింపుపత్రము గోడకు వ్రేలాడినంతమాత్రమున ఇంటికి రూకలు రావు. అది పొలమునకు పట్టా వంటిది. పట్టా యున్నను దున్నకున్న పంట పండునా?

దున్నుట యనగా నిచట లెక్క నెఱుగుట. ఊహకై యొక ఉదాహరణము చెప్పెదము. క్వింటాలు కాయ 12,000 రూపాయలకు కొని, తొడిమ, తాలు, తరుగు పోగా 90 కిలోల పొడి వచ్చెననుకొందము. కిలో పొడికి కాయ ఖరీదే 133 రూపాయలు. మరపట్టుట, పొట్లము, రవాణా, వడ్డీ కలిసి 40 రూపాయలైన మొత్తము 173. దానిని 240కి అమ్మినను, అంగడివాడు నూటికి 20 చొప్పున 48 పుచ్చుకొనగా మనకు వచ్చునది 192; మిగులు 19. కిలోకు 133 పెట్టి కొన్నది 240కి పోవుచున్నదని మురిసిపోయినవాడు ఈ 19ని చూడడు. పది పొట్లములలో ఒకటి అమ్ముడుపోక చెడిపోయెనా, మిగిలిన తొమ్మిదింటి లాభమును అదియే మ్రింగివేయును. మఱియు కాయ కొనుట మాఘ ఫాల్గుణములలో. అమ్ముట సంవత్సరము పొడవున. అంగడివాండ్రు అరువు పెట్టుదురు. లాభము కాగితముపై నుండగనే పెట్టెలో రూక లేక మూతపడిన సంస్థలు మన జిల్లాలలో కొల్లలు. ఇంటి ఖర్చును వ్యాపారపు పెట్టెనుండి తీయుట, పెండ్లికి తీసిన సొమ్మును పెట్టుబడిలో వ్రాయుట మొదలగు నలవాట్లు ఇట్టి పతనమునకు మొదటి మెట్లు.

రెండవది గుణము. 2003లో మన దేశమునుండి వెళ్లిన మిరప సరకులలో సూడాన్ అను నిషిద్ధ రంగు కనబడినదని యూరపు దేశములవారు ప్రతి సరకునకు పరీక్షాపత్రము కావలెనని నిబంధన విధించిరి. రంగు కలిపినవారు కొందఱు. అనుమానము పడినది దేశమంతటి సరకుపైన. కల్తీచేసినవాడు ప్రక్కవాని పేరునుగూడ అమ్ముకొనినట్లే. తడికాయ మూటకట్టి బూజు పట్టించుట, మోతాదు మించిన పురుగుమందు కొట్టుట ఈ పాపమునకు తోబుట్టువులు. సొంత పేరుతో అమ్మదలచువాడు కల్లములోనే ఆ పేరును కాపాడుకొనవలెను.

ఇది యంతయు ఒక్క రైతునకు సాధ్యమా యని పాఠకు లడుగవచ్చును. ఒక్కనికి కాదు. 1946లో గుజరాతునందలి ఖేడాజిల్లా పాడిరైతులు త్రిభువనదాసు పటేలుగారి నాయకత్వమున సంఘముగ నేర్పడి, తమ పాలను తామే సేకరించి, తామే అమ్మనారంభించిరి. నేటి అమూలు పేరునకు మూల మదియే. పేరుకు వెనుక ఉదయ సాయంకాలములు పాలు కొలిచి, వెన్న శాతము పరీక్షించి, గుణమునుబట్టి డబ్బు లెక్కించు క్రమ మున్నది. మన యరకులోయ గిరిజన రైతుల కాఫీ 2017లో పారిసు నగరమున తన పేరున అంగడి తెఱచినది. 2019లో భౌగోళిక గుర్తింపును పొందినది. ఇక చట్టమన్ననో, పదిమంది రైతులు కలిసిన ఉత్పత్తిదారుల కంపెనీ నెలకొల్పుకొనవచ్చునని 2002లోనే సవరణ చేయబడినది. 2020లో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకమును ప్రభుత్వము ప్రారంభించినది. త్రోవ యున్నది, నడచువారు కావలెను.

ఇట్టి సంఘము లనేకములు పేరున కేర్పడి, ధనసహాయ మున్నన్నాళ్లు నడచి, పిదప తాళము వేసికొనుచున్నవన్న మాట మే మెఱుగనిది గాదు. సహాయధనమును లాభముగ నెంచుటయే దీనికి కారణము. మొదటి యేడు వేయి పొట్లములే యమ్ముడు; వానిని కొన్నవారు రెండవసారి యడిగిరా యని చూడుడు. అడుగకున్న గుర్తు మార్చిన లాభము లేదు, సరకు మార్చవలెను. అడిగినచో రెండవయేట పదివేలు కట్టుడు.

భూస్వాములకు మా మనవి: పొలముపై పెట్టు శ్రద్ధలో నాలవవంతు పద్దులపై పెట్టుడు, మీ గ్రామపు చిన్నరైతును మీ సంఘములో సమానునిగా చేర్చుకొనుడు, ఏలనన అట్టి కంపెనీలో ఎకరములెన్ని యున్నను మనిషి కొక్కటే యోటు. పట్టణవాసులకు మా మనవి: సరకు మంచిదైనచో మనవారిదని కొనుడు, చెడ్డదైనచో మనవారిదని ఊరకుండక తిరిగి యిచ్చివేయుడు. మొగమోటమున కొన్న పొట్లము ఒక్కసారియే అమ్ముడుపోవును. వచ్చు మాఘమునకు కల్లములలో కాయ మరల ఎఱ్ఱబారును. అప్పుడైనను కొన్ని టిక్కీలు యార్డునకు గాక, పండించినవాని పేరుతో అంగడికి బయలుదేరునా యన్నదే మా ప్రశ్న.