ౙొన్నరొట్టెకు అక్షరం గీస్తారా?

‘జీతం’లో జ వేరు, వనపర్తిలో మనం తినే ‘ౙొన్నరొట్టె’లో ౙ వేరు. పలికి చూడండి. 2008లో యూనికోడ్ 5.1 ఈ ౙ, ౘలకు కోడ్‌లిచ్చింది. జర్మన్ల ఎస్‌జెట్‌కు పెద్దక్షరం వచ్చిందీ అందులోనే. 2017లో వాళ్లు దాన్ని అధికారికంగా ఒప్పుకున్నారు కూడా. మనమేమో మనకో అక్షరం ఉందనే మరిచాం!

కోడ్ ఉంటే చాలదు, ప్రతి ఫాంట్‌లో ఎవరో ఒకరు గీయాలి. ౙ నెత్తిన చిన్న గుర్తుంటుంది. ‘ౙొ’ రాస్తే గుణింతమూ అక్కడికే వస్తుంది. రెండూ గుద్దుకోకుండా ఎట్లా సర్దుతారు? ఇది బొమ్మలేసేవాళ్ల పనే అనుకోకండి, సగం ఇంజినీరింగే.

గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరిట ‘సురవరం’ ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. జావా వచ్చని రెజ్యూమెలో అందరూ రాస్తారు. మీరు ఈ ఆదివారం ‘ౙొ’ ఒక్కటి గీసి, దాన్ని జతచేయండి.