జేబులో ఉన్నదొకటి... మానేసింది ఇంకొకటి!

పోయినవారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. "గురూగారూ! నాకు ఉబ్బసం. డాక్టరు రోజూ పీల్చమని ఇన్‌హేలర్ రాశాడు. అందులో స్టెరాయిడ్ ఉందట. సిక్స్ ప్యాక్ కోసం కుర్రాళ్లు వాడి ఒళ్లు పాడుచేసుకుంటున్నారే, అదేనా ఇది? వాడనా, మాననా?"

సినిమా కబుర్లు రాసుకునేవాణ్ణి, నేను డాక్టర్ని కాను. కానీ ఈ ప్రశ్న విషయంలో నాకూ ఒక అర్హత ఉంది లెండి. సరిగ్గా ఇదే భయంతో మందు మానేసి, చావు తప్పి కన్ను లొట్టపోయినవాణ్ణి!

2023 సంక్రాంతి నాటి మాట. అప్పటికి నాలుగు నెలలుగా ఆ ఇన్‌హేలర్ మానేశాను. ఆయాసం లేదు, పిల్లికూతలు లేవు, ఇంకెందుకు? పైగా మా అమ్మ డబ్బామీది అక్షరాలు నాచేత చదివించుకుని, "స్టెరాయిడా? వద్దురా నాయనా, మొహం ఉబ్బిపోతుంది" అంది. జేబులో మాత్రం నీలం రంగు ఇన్‌హేలర్ ఉండేది. అదుంటే చాలనుకున్నాను. రాన్రానూ అది తొందరగా ఖాళీ అవుతున్న సంగతి గమనించనే లేదు.

తెల్లవారుజామున బెనిఫిట్ షో. బయట టపాకాయల పొగ, లోపల హీరో పేరు పడగానే కాగితాల వాన, దుమ్ము. దానికి తోడు చలి. మొదటి పాట అయ్యేసరికి ఛాతీకి తాడు బిగించినట్టయింది. నీలంది రెండుసార్లు పీల్చాను. మరో రెండుసార్లు... ఊహూ! పక్కనున్న మిత్రుడు "ఏంట్రా, ఏమైంది?" అంటే జవాబు చెప్పడానికి ఊపిరి చాల్లేదు. వాడు తన అభిమాన హీరో సినిమాని మధ్యలో వదిలేసి, నన్ను ఆటోలో పడేసి ఆసుపత్రికి చేర్చాడు. ఆక్సిజన్, నెబ్యులైజర్, ఓ ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్ ఏమిటో తెలుసా? స్టెరాయిడే!

మర్నాడు డాక్టరు గారు నన్ను తిట్టలేదు. లెక్క చెప్పారు. నేను మానేసిన ఇన్‌హేలర్‌లో ఒక్కో మోతాదు 200 మైక్రోగ్రాములు. అంటే మిల్లీగ్రాములో ఐదోవంతు. అదీ నేరుగా ఊపిరి గొట్టాల్లోకి వెళ్లేది. ఇప్పుడు మింగమని ఇచ్చిన మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు, అవి ఒళ్లంతా తిరుగుతాయి. రెండూ వేర్వేరు మందులు, తూకం వేసి పోల్చేవి కావు, నిజమే. అయినా ఆయన "ఏది ఎక్కువ స్టెరాయిడో మీరే చెప్పండి" అంటే నేను తల వంచుకున్నాను.

కండల కోసం వాడేది మగ హార్మోను తాలూకు స్టెరాయిడ్. ఇది వేరు. మన మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు తయారుచేసే కార్టిసాల్‌కు దగ్గరి చుట్టం. ఊపిరి గొట్టాల లోపలి వాపుని తగ్గిస్తుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఇద్దరూ ఒకే మనిషి అవుతారా?

అసలు మనల్ని సినిమాలే చెడగొట్టాయనిపిస్తుంది. హీరోయిన్‌కి ఆయాసం వస్తుంది, హ్యాండ్‌బ్యాగ్ వెతుకుతుంది, ఒక్కసారి పీలుస్తుంది, మరుక్షణం డ్యూయెట్! ఆ పని చేసేది సాల్‌బుటమాల్ లాంటి రిలీవర్. బిగిసిన గొట్టాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది, లోపలి వాపు జోలికి పోదు. వాపు సంగతి చూసే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ని ఏ దర్శకుడూ చూపించడు. ఎలా చూపిస్తాడు? అది ప్రొడక్షన్ మేనేజర్ లాంటిది. తెరమీద కనపడడు, నాల్రోజులు రాకపోతే షూటింగ్ ఆగిపోతుంది. పీల్చగానే ఏమీ తెలియదు. రోజులు, వారాలు పడుతుంది. బాగున్నప్పుడు కూడా వాడాలి. డాక్టర్ని అడక్కుండా మానకూడదు. రెండు మందులూ కలిపిన ఇన్‌హేలర్లు ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఆయాసం వచ్చినప్పుడు కూడా వాడమంటారు. మీది ఏ రకమో అడిగి తెలుసుకోండి, రంగుని నమ్మకండి.

ఇంకో సిగ్గుపడే సంగతి. మానకముందు కూడా నేను సరిగ్గా వాడలేదు! మందంతా నాలుకమీదే కొట్టుకున్నానట. స్ప్రే రకమైతే బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా వదలాలి. పెదాలు గట్టిగా మూసి, నెమ్మదిగా పీల్చడం మొదలెడుతూనే నొక్కాలి. కడుపారా పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో మోతాదుకి ఓ అరనిమిషం ఆగి, మళ్లీ కుదపాలి. ఈ తాళం కుదరనివాళ్లకి స్పేసర్ అనే గొట్టం దొరుకుతుంది. నాకూ అదే గతి. పొడి రకానిది మాత్రం వేరే వరస. గట్టిగా, వేగంగా పీల్చాలి, దానిలోకి ఊదకూడదు. అయిపోయాక నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యాలి. లేకపోతే గొంతు బొంగురుపోతుంది, నాలుకమీద తెల్లటి పూత వస్తుంది. పాటలు పాడే మిత్రులు మరీ జాగ్రత్త!

దోషాలే లేవని చెప్పను. పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడితే ఎముకలకీ కళ్లకీ ఇబ్బంది రావచ్చు. సిగరెట్ల వల్ల ఊపిరితిత్తులు పాడైన మా మావయ్యకి ఆ మందే న్యుమోనియా ముప్పు కాస్త పెంచుతుందని చెప్పి, డాక్టరు గారు చూసి చూసి రాశారు. అందుకే ఎప్పటికప్పుడు చూపించుకుంటూ, జబ్బు అదుపులో ఉండే అతి తక్కువ మోతాదుకి ఆయన్నే తగ్గించమనాలి. మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి చేపమందు మింగేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. అది నయం చేస్తుందన్న రుజువు లేదు. మింగినా సరే, ఇన్‌హేలర్ మాత్రం మానకండి. రిలీవర్ పీల్చినా తగ్గక, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతే, పెదాలు నీలంగా మారితే ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.

నామోషీ ఒకటుంది కదూ, నలుగురిలో పీల్చడానికి? ప్రియాంకా చోప్రా తనకి ఆస్తమా ఉందని 2018లో బాహాటంగా చెప్పింది. ఇన్‌హేలర్ల ప్రచారంలో భాగంగానే అనుకోండి. అయినా చెప్పింది!

ఇప్పుడు నాకు పొద్దున్నా రాత్రీ ముందు ఇన్‌హేలర్, తర్వాత పళ్లు తోముకోవడం. మా అమ్మ తలుపు బయట నిలబడి "పీల్చావా?" అని అడుగుతుంది. ఆ మిత్రుడికి మాత్రం సగం సినిమా బాకీ పడ్డాను. వాడు మళ్లీ టిక్కెట్టు కొనుక్కుని చూశాడట. సెకండాఫ్ బాగాలేదన్నాడు.