చిన్న పెట్రోలు ఇంజనులలో ఏది మేలు?

మన విద్యార్థులలో పలువురి యిండ్ల పెట్రోలుతో నడచు చిన్న యింజను ఏదో యొకటి నేడు కలదు. పొలమున మందు చల్లుటకు వీపున మోయు తైవాను పంపు, గడ్డి కోయు యంత్రము, కాలువనుండి నీరు తోడు పంపు, కరెంటు పోయినపుడు దీపములు వెలిగించు జనరేటరు, ఇవన్నియు నా జాతిలోనివే. వీనిని కొనునపుడు పెద్దలు సాధారణముగా నడుగు ప్రశ్న “బలమెంత?” అనునదియే. “ఇది యే విధమైన యింజను?” అని యడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్ననే ముందుగా నడుగవలెనని నా యభిప్రాయము.

గొట్టమువంటి సిలిండరులో పిస్టను పైకిని క్రిందికిని ఆడుచుండును. అది యొక కొననుండి రెండవ కొనకు పోవుటయే స్ట్రోకు. జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో 1876వ సంవత్సరమున నిర్మించిన యింజనులో ఒక్కొక్క ఆవృత్తికి నాలుగు స్ట్రోకులు పట్టును. మొదట పిస్టను క్రిందికి దిగుచు గాలిని పెట్రోలు ఆవిరితో కూడ లోనికి పీల్చును. రెండవమాఱు పైకి వచ్చుచు దాని నదుమును. అంతట స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేయగా మండిన వాయువు పిస్టనును బలముగా క్రిందికి నెట్టును. నాల్గవమాఱు పిస్టను పైకి వచ్చుచు పొగను వెలికి తోయును. ఈ నాల్గింటిలో బలమిచ్చునది మూడవది యొక్కటే. తక్కిన మూడింటిని బరువైన ఫ్లైవీలు తన వేగముచే గడపుకొనిపోవును. లోనికి రాకకొక వాల్వు, వెలికి పోకకొక వాల్వు, వానిని వేళకు తెఱచుటకు క్యాంషాఫ్టు, అడుగున నూనె తొట్టి, ఇన్ని యంగములుండుటచే దీని బరువును వెలయు హెచ్చు.

టూస్ట్రోకు ఇంజను వేఱొక యుపాయము. పిస్టను అడుగుననున్న మూసిన యఱనుగూడ పంపువలె వాడుకొను పద్ధతికి ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే 1891లో పేటెంటు కోరెను. ఆయనయొద్ద పనిచేసిన ఫ్రెడరిక్ కాక్ వాల్వులే లేకుండ దీనిని సరళము చేసెను. పిస్టను పైకి పోవునపుడు పైనున్న మిశ్రమమునదుమును. అదేవేళ క్రింది యఱలోనికి క్రొత్త మిశ్రమమును పీల్చును. మండి క్రిందికి దిగునపుడు సిలిండరు ప్రక్కగల రంధ్రము తెఱవబడి పొగ పోవును. వెంటనే క్రింది యఱలోని మిశ్రమము ప్రక్కదారిని పైకెక్కి మిగిలిన పొగను గెంటివేయును. ఫోర్‌స్ట్రోకు ఇరుసు రెండుచుట్లు తిరిగిన కొక దెబ్బ దొరకగా, ఇందు ప్రతిచుట్టునకు నొకటి దొరకును.

అట్లయిన అదేకొలతగల టూస్ట్రోకు రెట్టింపు బలమియ్యవలెను గదా యని తరగతిలో తెలివిగల పిల్లలడుగుదురు. ఇయ్యదు. రెండు ద్వారములును కొంతసేపు ఒక్కమాఱే తెఱచియుండుటచే, కళ్లమునందు పొట్టు నూడ్చువాడు గింజలనుగూడ కొన్ని ఊడ్చివేసినట్లు, పొగతో పాటు మండని పెట్రోలును పోవును. కార్బ్యురేటరు గల పాతరకము వానిలో ఈ నష్టము నాల్గవవంతువఱకు నుండవచ్చును. అంగములు తక్కువగాన చౌక యని కొన్నవాడు మిగిలిన వెలను పెట్రోలు బంకులో చెల్లించుచుండును.

మఱియొక చిక్కు నూనె. క్రింది యఱ గాలికి దారియగుటచే నచట నూనె నిలువ యుంచుటకు వీలులేదు, పెట్రోలులోనే కలుపవలెను. ఏబదింటికొకపాలు కలుపుమని యంత్రముతో వచ్చిన పుస్తకము చెప్పినచో లీటరునకు 20 మిల్లీలీటర్లు, ఇరువదియైదింటికొకపాలన్నచో 40. నూనె ఎక్కువైన మంచిదేకదా యని చేయి వదలి పోయువారున్నారు. దానిచే ప్లగ్గు మసిబాఱును, పొగదారి పూడిపోవును. మఱచి వట్టి పెట్రోలు పోసినచో పిస్టను పట్టివేయును. ఇంటిలో రెండు విధముల యింజనులున్నవారు రెండు డబ్బాలుంచి పేర్లు వ్రాసికొనుట మేలు.

వీనియన్నిటికంటె నాకు ముఖ్యముగా తోచునది తైవాను పంపు మోయువాని యూపిరి. మందు కొఱకు ముక్కునకు గుడ్డ కట్టుకొందురు గాని, వీపుమీది యింజను వెలువరించు కార్బన్ మోనాక్సైడును గుడ్డ యాపజాలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నది పలుచబడును గాని, మూసిన కొట్టములో జనరేటరు నడపిన మనుష్యులు నిద్రలోనే మరణింతురు. ఈ విషయమున టూస్ట్రోకునకును ఫోర్‌స్ట్రోకునకును భేదములేదు. జనరేటరును ఇంటికి, కిటికీలకు దూరముగా ఆరుబయటనే నడపవలెను.

రోడ్డుమీద ఈ వివాదము తీఱినట్లే. 1985లో ఫోర్‌స్ట్రోకు హీరో హోండా సీడీ 100 వచ్చిన పిమ్మట మన దేశమున టూస్ట్రోకు మోటారుసైకిళ్లు క్రమముగా వెనుకబడెను. ఒకప్పుడు టూస్ట్రోకుతో నడచిన చేతక్ పేరు 2020 నుండి బ్యాటరీ బండికి దక్కినది. పొలముల విషయమున మాత్రము వివేచన కావలెను. గంటలకొలది ఒకచోట నిలిచి పనిచేయు నీటిపంపునకు, జనరేటరునకు ఫోర్‌స్ట్రోకే తగును. అందును వాల్వులు పైనున్న రకము, ప్రక్కనున్న పాతరకముకంటె పెట్రోలు పొదుపుచేయును. చెట్లు కోయు రంపమును ఎట్లు త్రిప్పినను నడువవలెను గాన, తేలికయగు టూస్ట్రోకును నేను తప్పుపట్టను. తైవాను పంపునకు, ఎటు వంగినను నూనె యందు చిన్న ఫోర్‌స్ట్రోకులు ఇపుడు దొరకుచున్నవి. వెల భరింపగలవారు వానిని కొనవలెను. కొద్ది సెంట్ల కూరగాయల మడికైనచో బ్యాటరీ పంపే చాలును.

తల్లిదండ్రులకొక విన్నపము. చెడిపోయిన పంపు ఇంజనును పాత యినుము క్రింద నమ్మినచో మీకు వచ్చునది స్వల్పము. దానిని మన విజ్ఞానశాలకు పంపుడు. బల్లమీద విప్పి చూచిన పిల్లవాడును పిల్లయు వాల్వు ఉన్నదో లేదో తమ కండ్లతోనే కనుగొందురు. పంపుటకు ముందు పెట్రోలు పూర్తిగా తీసివేయవలెను.