ఆండ్రూ జాక్సన్ ఎవరి మనిషి?

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఊళ్ల పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు 20 డాలర్ల నోటు చూపిస్తే, దాని మీద జుట్టు పైకి దువ్విన ఒక బక్కపల్చని ముఖం కనిపిస్తుంది. ఆయనే ఆండ్రూ జాక్సన్, ఆ దేశపు 7వ అధ్యక్షుడు. 1829 నుంచి 1837 వరకు పాలించాడు. సామాన్యుల అధ్యక్షుడని ఆయనకు పేరు. మాది పేదల ప్రభుత్వం అని చెప్పి ఓట్లడిగే పద్ధతి అమెరికాలో ఆయన కాలంలోనే గట్టిపడింది. రైతు సంఘం పత్రికలో ఆయన గురించి ఎందుకంటారా? ఆయన పాలనలో తేలిన రెండు పెద్ద విషయాలూ మనవే. ఒకటి భూమి, రెండోది అప్పు.

ముందు ఆయన పక్షాన చెప్పవలసింది చెబుతాం. జాక్సన్ పుట్టకముందే తండ్రి చనిపోయాడు. ఇంగ్లండుతో స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్నప్పుడు, ఇంకా పిల్లవాడిగా ఉండగానే శత్రువులకు దొరికాడు. బూట్లు తుడవమన్న ఇంగ్లీషు అధికారికి తుడవనని చెప్పి కత్తిదెబ్బ తిన్నాడు. అదే యుద్ధకాలంలో తల్లీ అన్నలిద్దరూ పోయారు. 14 ఏళ్లకే అనాథ. ఆయనకు ముందు పాలించిన ఆరుగురిలో నలుగురు వర్జీనియా భూస్వాములు, ఇద్దరు మసాచుసెట్స్‌లో బాగా చదువుకున్న ఒకే ఇంటి తండ్రీకొడుకులు. అలాంటి చోట ఈ మనిషి గెలవడం చిన్న విషయం కాదు. 1824 ఎన్నికలో ఆయనకే ఎక్కువ ఓట్లు వచ్చినా సంపూర్ణ మెజారిటీ లేదని ప్రతినిధుల సభ మరొకరిని అధ్యక్షుణ్ణి చేసింది. 1828లో మాత్రం వందకు 56 ఓట్లు తెచ్చుకుని గెలిచాడు. అప్పటికి చాలా రాష్ట్రాల్లో ఆస్తి ఉంటేనే ఓటు అనే నిబంధన పోయింది. చిన్న రైతులు, చేతిపనివారు మొదటిసారి గుంపులు గుంపులుగా వచ్చి ఓటేశారు. ప్రమాణ స్వీకారం రోజున ఆ జనమే బురద బూట్లతో అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. పెద్దలు ముక్కు మూసుకున్నారు. మాకైతే ఆ దృశ్యం నచ్చుతుంది.

బ్యాంకుతో ఆయన చేసిన పోరాటాన్ని కూడా తక్కువ చేయనక్కరలేదు. 1816లో 20 ఏళ్ల అనుమతితో ఫిలడెల్ఫియా కేంద్రంగా ఒక జాతీయ బ్యాంకు పెట్టారు. మూలధనం మూడున్నర కోట్ల డాలర్లు. అందులో ప్రభుత్వానిది ఐదో వంతు, మిగతాది ప్రైవేటు వాటాదారులది. ప్రజలు కట్టే పన్నుల సొమ్ము మాత్రం అందులోనే దాచాలి. 1819లో సంక్షోభం రాగానే ఆ బ్యాంకు అప్పులు బిగించింది. పడమటి ప్రాంతాల్లో రైతుల పొలాలు పోయాయి, సిన్సినాటి పట్టణంలో చాలా ఆస్తి బ్యాంకు చేతికి వచ్చింది. బ్యాంకు బతికిందిగానీ అప్పు తీసుకున్నవాడు మునిగాడు. జాక్సన్‌కూ సొంత అనుభవం ఉంది. 1790లలో భూములమ్మి, కొన్నవాడి ప్రామిసరీ నోట్లు తీసుకుంటే అతను దివాలా తీశాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే 1832 జూలై 10న ఆ బ్యాంకు అనుమతి పొడిగింపు బిల్లును తిప్పి పంపాడు. ధనవంతులు ప్రభుత్వాన్ని తమవైపు వంచుకుంటున్నారని, రైతులకూ కూలీలకూ చేతిపనివారికీ దాన్ని తప్పుపట్టే హక్కుందని అందులో రాశాడు. ఒక పాలకుడి నోట ఆ మాట రావడం మంచిదే.

మరి ఆ తర్వాత ఏమైంది? 1833 నుంచి ప్రభుత్వ సొమ్మును ఆ బ్యాంకులో వేయకుండా రాష్ట్రాల్లోని కొన్ని ప్రైవేటు బ్యాంకులకు మళ్లించాడు. వాటికి పెంపుడు బ్యాంకులని ఎగతాళి పేరు పడింది. 1836 నాటికి అలాంటివి 90 దాకా అయ్యాయి. వాటిలో చాలావాటికి ఉన్న అర్హత ఆయన పార్టీవారికి దగ్గర కావడమే. సొమ్ము చేతిలో పడగానే అవి నోట్లు అచ్చేసి భూముల వ్యాపారులకు అప్పులిచ్చాయి. ఆ అప్పుతో వాళ్లు ప్రభుత్వ భూములు కొన్నారు. 1836 ఒక్క ఏడాదే సుమారు 2 కోట్ల ఎకరాలు అమ్ముడుపోయాయి. చివరికి ఆ నోట్లను చూసి జాక్సనే భయపడి, భూమి కొనాలంటే వెండి బంగారాలే తేవాలని 1836 జూలైలో ఉత్తర్వు ఇచ్చాడు. నిజంగా కాపురముండే సాగుదారుకు డిసెంబరు మధ్య దాకా గడువిచ్చాడు, అది న్యాయమే. కానీ 1837 మే నాటికి బ్యాంకులు నోట్లకు లోహం ఇవ్వలేమని చేతులెత్తేశాయి. ఇంగ్లండులో అప్పు బిగియడం, పత్తి ధర పడిపోవడం కూడా తోడయ్యాయి. ఒక పెద్ద బ్యాంకు పోయి, దాని స్థానంలో 90 చిన్న బ్యాంకులు వచ్చాయి. అప్పు తీసుకున్న రైతు ఉన్నచోటే ఉన్నాడు.

ఇక భూమి సంగతి. 1830 మే 28, 29 తేదీల్లో, వెంటవెంటనే, రెండు చట్టాలు వచ్చాయి. 29వ తేదీ చట్టం చదివితే మనకు ప్రాణం లేచొస్తుంది. ప్రభుత్వ భూమిలో పట్టా లేకుండా దున్నుకుంటున్నవాడు 1829లో అక్కడ పంట వేసి ఉంటే, 160 ఎకరాల దాకా వేలం లేకుండా, ఎకరా ఒకటింపావు డాలరు చొప్పున తానే కొనుక్కోవచ్చు. సాగులో ఉన్నవాడికే మొదటి హక్కు. మనం ఎన్ని ధర్నాల్లో అడిగిన మాట ఇది!

కానీ ఆ భూమి ఎక్కడిది? అది 28వ తేదీ చట్టంలో ఉంది. దక్షిణ రాష్ట్రాల్లోని చెరోకీ, క్రీక్, చోక్టా వంటి మూలవాసీ జాతులను మిసిసిపీ నది అవతలికి పంపే చట్టమది. ప్రతినిధుల సభలో 102 ఓట్లు అటు, 97 ఇటు. వీళ్లు అడవుల్లో తిరిగే వేటగాళ్లని అప్పుడు ప్రచారం చేశారు, ఇప్పటికీ చాలామంది అదే అనుకుంటారు. చెరోకీలు నాగళ్లతో సేద్యం చేసేవారు. పళ్లతోటలు వేశారు, సొంత లిపి తయారు చేసుకున్నారు, 1827లో రాజ్యాంగం రాసుకున్నారు, మరుసటి ఏడాది పత్రిక నడిపారు. (వారిలో ధనికులు కొందరు బానిసలను కూడా ఉంచుకున్నారు. అది దాచనక్కరలేదు.) జార్జియా ప్రభుత్వం వాళ్ల పొలాలను, వాళ్లు ఇంకా అందులో ఉండగానే, 160 ఎకరాల ముక్కలుగా చీట్లేసి తెల్లవారికి పంచింది. చెరోకీల మీద జార్జియా చట్టం చెల్లదని 1832లో సుప్రీంకోర్టు చెప్పినా అధ్యక్షుడు కదల్లేదు. 1835లో వాళ్లలో కొద్దిమంది చేత ఒప్పందం మీద సంతకాలు చేయించారు. మాకు సమ్మతం లేదని చెరోకీలు 15 వేలకు పైగా సంతకాలతో అర్జీ పంపినా ఫలితం లేకపోయింది. 1838లో, జాక్సన్ దిగిపోయిన తర్వాత, సుమారు 16 వేల మందిని తుపాకుల మధ్య నడిపించారు. దాదాపు 4 వేల మంది చనిపోయారు.

క్రీకుల కథ మన తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవారికి వెంటనే అర్థమవుతుంది. 1832 ఒప్పందం ప్రకారం ఒక్కో కుటుంబ పెద్దకు 320 ఎకరాలు పట్టా. ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంది. భూముల దళారులు ఎవరో ఒక క్రీకు మనిషిని తెచ్చి, పట్టాదారు ఇతనేనని అధికారి ముందు నిలబెట్టి సంతకం పెట్టించారు. చేతికిచ్చిన డబ్బు బయటికొచ్చాక వెనక్కి తీసుకున్నారు. అసలు రైతు తన పొలం అమ్ముడుపోయిందని తర్వాత తెలుసుకున్నాడు. 1836లో కొందరు తిరగబడితే సైన్యం వచ్చింది. కొందరిని సంకెళ్లతో తీసుకెళ్లారు.

అలా ఖాళీ అయిన నల్లరేగడి ఎవరి చేతికి పోయింది? కొంత చిన్న రైతులకు దక్కిన మాట నిజం. అలబామా, మిసిసిపీల్లోని మంచి భూములు ఎక్కువగా వేలంలో పెద్ద పత్తి భూస్వాములూ దళారులూ కొన్నారు. వర్జీనియా, మేరీల్యాండ్‌ల నుంచి బానిసలను తోలుకొచ్చి అక్కడ పత్తి ఏరించారు. చిన్నవాడు గుట్టల మీది గులకనేలకు సర్దుకున్నాడు. జాక్సన్ కూడా ఈ ఆటకు బయటివాడు కాదు. 1814లో సైన్యాధికారిగా క్రీకుల దగ్గర 2 కోట్ల 30 లక్షల ఎకరాలు రాయించుకున్నది ఆయనే. ఆ తర్వాత అమ్మకానికొచ్చిన ఉత్తర అలబామా భూముల్లో ఆయనా స్నేహితులూ కొన్నారు. అక్కడి సర్వే అధికారి జాన్ కాఫీ ఆయన భార్య వైపు బంధువు. టెన్నెసీలో ఆయన పత్తి తోటలో, చనిపోయేనాటికి, సుమారు 150 మంది బానిసలున్నారు. 1804లో ఒక బానిస పారిపోతే పట్టిచ్చినవారికి 50 డాలర్లని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. పట్టుకున్నవాళ్లు వేసే ప్రతి 100 కొరడా దెబ్బలకు మరో 10 డాలర్లు, 300 దెబ్బల దాకా. పత్తి ఏరిన చేతులు ఆయన లెక్కలో సామాన్య జనం కావు.

ఆ కాలపు మనిషిని ఈ కాలపు తూకంతో తూచకూడదని కొందరు అంటారు. మేము ఆ కాలపు తూకంతోనే తూస్తున్నాం. ఆ 97 ఓట్లు ఆనాటివే. ఓటు సంగతీ చూడండి. జాక్సన్ రాష్ట్రం టెన్నెసీ 1834 రాజ్యాంగంలో తెల్లవారికి ఆస్తి నిబంధన తీసేసింది, అదే కాగితంలో స్వేచ్ఛగా ఉన్న నల్లవారికి అప్పటిదాకా ఉన్న ఓటు లాగేసింది. ఆడవాళ్ల మాటే లేదు. జాక్సన్ అబద్ధాల మనిషని మేము అనం. తను ఎవరిని జనమనుకున్నాడో వాళ్ల కోసం నిజంగానే నిలబడ్డాడు. వాళ్లకిచ్చిన భూమి మరొక రైతు నుంచి గుంజినది. అది కూడా చివరికి వాళ్ల దగ్గర పూర్తిగా నిలవలేదు.

డేవీ క్రాకెట్ అని ఒకాయన ఉన్నాడు. అదే టెన్నెసీ, పేద కుటుంబం, జాక్సన్ కింద సైన్యంలో పనిచేసినవాడే. పట్టాలేని పేద సాగుదారులకు భూమి ఇవ్వాలని కాంగ్రెస్‌లో పట్టుబట్టి సొంత పార్టీవారితోనే తగవు పెట్టుకున్నాడు. 1830లో ఆ వెళ్లగొట్టే చట్టానికి టెన్నెసీ సభ్యుల్లో వ్యతిరేకంగా ఓటేసింది ఆయనొక్కడే. 1831 ఎన్నికల్లో జాక్సన్ మనుషులు ఆయన్ని ఓడించారు. 1833లో ఆ రైతులే మళ్లీ గెలిపించి పంపారు.