ఇంటితో పాటే బడినీ లెక్కగట్టాలి

సొంతిల్లు అన్న మాట భవాని పేట్‌లో తేలిగ్గా నోటికి వచ్చే మాట కాదు. తాతల కాలంలో తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పనికి వచ్చిన కుటుంబాల్లో చాలామంది ఈనాటికీ ఒక్క ఖోలీలోనే కాపురం చేస్తున్నారు. వంట అక్కడే, పడక అక్కడే, అమ్మ బీడీలు చుట్టేదీ అక్కడే. పక్క కార్ఖానాలో సాంచాలు ఆడుతుంటే ఆ చప్పుడులోనే మన పిల్లలు ఎక్కాలు వల్లిస్తారు. చెద్దర్లతో, టవళ్లతో ఊరికి పేరు తెచ్చిన చేతులకు ఆ ఊళ్లోనే అద్దె కట్టడం కష్టమవుతోంది.

అందుకే కార్మికులు ఇళ్ల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నాయకత్వంలో సాగిన ఆ పోరాట ఫలితంగా కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్లు వచ్చాయి. ఆ తర్వాతది రే నగర్. 30,000 ఇళ్ల ఆ పథకానికి 2019 జనవరి 9న శంకుస్థాపన జరిగింది. 2024 జనవరి 19న 15,000 ఇళ్లు అందజేశారు. సాంచాల కార్మికులు, బీడీ కార్మికులు, చెత్త ఏరుకునేవారు, భవన నిర్మాణ కూలీలు ఒకే చోట సొంతింటివారయ్యారు. ఇది చిన్న విషయం కాదు. అది సాధించినవారికి మనం చేతులెత్తి మొక్కాలి.

ఇక లెక్క చూద్దాం. శంకుస్థాపన నాడు చెప్పిన ఖర్చు 1,811 కోట్లు. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సాయం 750 కోట్లు. అంటే సగటున ఇంటికి ఆరు లక్షలు, సాయం రెండున్నర లక్షలు. మిగతా భారంలో పెద్ద భాగం కార్మికుడిదే. ఈ లెక్క అందరికీ తెలిసిందే. కాగితం మీదికి ఎక్కని లెక్క ఇంకొకటుంది. పేట్‌లో ఉన్నప్పుడు నడిచి వెళ్లే కార్ఖానాకు ఇప్పుడు బస్సో రిక్షానో కావాలి. ఆకు, తంబాకు తెచ్చుకుని, చుట్టిన బీడీలు అప్పజెప్పే బ్రాంచి దూరమైతే ఆ తల్లికి సగం పూట దారిలోనే పోతుంది. అన్నిటికన్నా మనకు కనిపించేది బడి.

కుటుంబం ఊరి అంచుకు వెళ్లగానే నాలుగో తరగతి పిల్ల టీసీ అడుగుతుంది. తెలుగులో చదవడం, రాయడం అప్పుడే కుదురుకుంటున్న వయసది. దగ్గర్లో ఏ మాధ్యమం దొరికితే అందులో చేరుస్తారు. మరాఠీ మనకు పరాయిది కాదు. అన్నం పెట్టిన నేల భాష, మన బడుల్లోనూ నేర్పుతున్నాం. కానీ మధ్యలో మాధ్యమం మారితే పిల్లలు రెండు భాషల్లోనూ వెనకబడతారు. ఆ తర్వాత బడి మానేసి సాంచాల దగ్గరికి చేరడం ఎంతసేపు?

విద్యాహక్కు నిబంధనలు ప్రాథమిక బడి ఒక కిలోమీటరులో ఉండాలంటున్నాయి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలంటోంది. ఈ రెంటినీ కలిపి చదివితే మనం అడగాల్సిందేమిటో తెలుస్తుంది.

కార్మిక కాలనీకి నక్షా గీసేటప్పుడే లబ్ధిదారుల ఇళ్లల్లో మాట్లాడే భాషను నమోదు చేయాలి. తెలుగు పిల్లలు తగినంత మంది ఉంటే అక్కడే తెలుగు తరగతులు తెరవాలి. అవి తెరిచేదాకా బడి వేళలకు పేట్‌లకు బస్సు నడపాలి. పిల్లల పాసు భారం తల్లిదండ్రుల మీద పడకూడదు. విద్యాసంవత్సరం మధ్యలో ఇల్లు మారే కుటుంబాల జాబితా ముందే బడులకు అందాలి. ఊళ్లోనే ఉండక తప్పనివారికి కార్ఖానాలకు దగ్గర్లో తక్కువ అద్దె గదులు కట్టించే ఆలోచన కూడా మున్సిపల్ కార్పొరేషన్ చేయాలి.

మన వంతు పనీ ఉంది. ఎవరు ఎక్కడికి మారుతున్నారో ప్రతి తెలుగు బడీ ఈ వేసవిలోనే లెక్క తీయాలి. ఆ కాగితం చేతిలో ఉంటేనే ఆఫీసులో మన మాటకు బలం. చవగ్గా వచ్చిన ఇంటికి పిల్లల చదువు ధర కాకూడదు.